జరంత జాగ

ఆదివారం మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపుల్లో కాలు పెట్టే సందు లేదు. సంధ్యారాణి ఆ రద్దీలోనే ఓపిగ్గా ఒక్కో చీరా భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటోంది. ఫొటోగ్రాఫర్ మహేష్ ఫోన్‌లో చెప్పిన మాటలు ఆమెకి కంఠతా వచ్చేశాయి.

"చిన్న గళ్లు ఒద్దు మేడం, మెరిసే జరీ ఒద్దు. కెమెరాల మంచిగ రాదు. సాదా రంగు తీస్కోండ్రి. ఫేషియల్ చేయించుకునేదుంటే ఇప్పుడే చేయించుకోండ్రి. ఫొటో రోజు చేయిస్తే మొఖం ఎర్రగైతది."

ఫేషియల్ అయింది. చివరికి ఆవపిండి రంగు చీర తీసుకుని, జాకెట్టు కుట్టడానికి ఇచ్చింది. నిజానికి ఆమెకి నచ్చింది నెమలికంఠం రంగు. కానీ బయట చౌరస్తాలో, మెట్రో పిల్లర్ల పక్కన, పెద్ద హోర్డింగ్ మీద జ్యోతిక కట్టుకున్నది ఆ రంగే.

మెడికల్ ఎంట్రన్స్ కోచింగ్ సెంటర్లో సంధ్యారాణి బయాలజీ చెబుతుంది. జ్యోతిక కెమిస్ట్రీ చెప్పేది. ఇద్దరూ ఒకే ఏడాది చేరారు. ఏలూరు నుంచి వచ్చిన సంధ్యారాణి గొంతు చించుకుని చెప్పినా పిల్లలు నోట్సు రాసుకుని వెళ్లిపోయేవారు. నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన జ్యోతిక బుగ్గన లవంగం పెట్టుకుని, మెల్లగా నాలుగు మాటలు చెబితే, బెల్లు కొట్టినా ఆమె చుట్టూ గుంపు కదిలేది కాదు. హోర్డింగ్ మీద ప్రతి ఏడాదీ ఆమె ముఖమే.

ఈ వానాకాలం డెంగీ వచ్చి జ్యోతిక చనిపోయింది. సంధ్యారాణి ఏడ్చింది, అది దొంగ ఏడుపు కాదు. కానీ సంతాప సభలో వెక్కి వెక్కి ఏడుస్తున్న పిల్లల్ని చూస్తూ, నేను పోతే ఇంతమంది ఏడుస్తారా అనుకుంది. చచ్చిపోయిన మనిషి మీద కూడా కడుపు మండటం ఆగలేదు.

అందుకే డైరెక్టర్ మల్లికార్జునరావు పిలిచి, "ఈసారి హోర్డింగ్ మీద మీరేనండీ" అన్నప్పుడు ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

ఇంట్లో అద్దం ముందు నవ్వడం సాధన చేసింది. పళ్లు కనబడకుండా ఒకసారి, కనబడేలా ఒకసారి. ఎలా మొదలుపెట్టినా చివరికి పెదవి ఎడమ మూల కొంచెం పైకి లేచేది. భర్త గౌతమ్ గుమ్మంలో ఆగి చూశాడు.

"అదేంటి సంధ్యా, కొత్తగా నవ్వుతున్నావు?"

"బాలేదా?"

"బాగానే ఉంది. నీ నవ్వులా లేదంతే."

హోర్డింగ్ మీద అలా నవ్వేది ఎవరో ఆమెకి తెలుసు. కోపం వచ్చింది. కోపంతో పాటు, ఆ నవ్వు తనకీ వచ్చిందన్న చిన్న సంతోషం కూడా కలిగింది.

స్టూడియో ఎల్బీ నగర్‌లో ఒక అపార్టుమెంటు సెల్లార్లో ఉంది. ఫొటో రోజు సాయంత్రం ఎండ మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఒక్కో మెట్టూ దిగుతుంటే చౌరస్తాలో బస్సుల హోరు పలచబడి, ఆఖరి మెట్టు దగ్గర పూర్తిగా పోయింది. లోపల గోడలు నల్లరంగు, వెనక నల్లగుడ్డ. కొత్త పెయింటు వాసన, వేడెక్కిన దీపాల వాసన. మహేష్ ఒక్కడే ఉన్నాడు.

చీర మార్చుకోవడానికి మూలన ప్లైవుడ్ గది. సంధ్యారాణి గడియ పెట్టుకుని కుచ్చిళ్లు సర్దుకుంది. భుజం వెనక పిన్ను అందలేదు. చెయ్యి వెనక్కి చాచి తడుముతుండగా, పైట మడతలు ఒకదాని మీద ఒకటి చక్కగా పేరుకున్నాయి. పిన్ను టిక్కుమని పడింది.

తనే పెట్టుకుంది కాబోలు. చెయ్యి ముందుకి తీసుకుంది. గదిలో లవంగం వాసన...

బయటికి వచ్చి దీపాల మధ్య స్టూలు మీద కూర్చుంది. కెమెరా చూసేదంతా పక్కనున్న టీవీలో కనబడుతోంది. తన ముఖం చుట్టూ ఆకుపచ్చ గీతలతో ఒక చదరం వచ్చింది.

"గా చదరమే ఫోకస్ మేడం. మొఖం ఏడ ఉంటే ఆడ పట్టుకుంటది" అన్నాడు మహేష్.

చదరం వణికింది. ఆమె ముఖాన్ని వదిలి పక్కకి జరిగింది. భుజం పక్కన, కాస్త పైగా, ఖాళీ నల్లగుడ్డ మీద ఆగింది.

మహేష్ లెన్సు తుడిచాడు. ముఖం మీదికి వచ్చిన చదరం మళ్లీ అక్కడికే వెళ్లింది. మనిషి నిలబడితే తల ఉండే ఎత్తులో.

"ఏందో పరేషాన్ చేస్తున్నది. ఆడ ఏం లేదాయె." అతని గొంతు తగ్గింది. "మేడం, ఇంకో రోజు పెట్టుకుందమా?"

రేపు పొద్దునకల్లా ఫొటో రాకపోతే ఫిజిక్స్ బిందుమాధవిది వేసేస్తామన్నాడు మల్లికార్జునరావు. బిందుమాధవి ముఖం ఆ చౌరస్తాలో ఊహించుకోగానే సంధ్యారాణికి భయం కంటే ముందు ఒళ్లు మండింది.

"వద్దు. తియ్యండి."

"అయితే లైట్లన్ని ఒక్కసారి బంద్ చేసి మళ్ల ఏస్త. కదలకుండ్రి."

చీకటి.

మహేష్ చెప్పుల చప్పుడు స్విచ్చిబోర్డు దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆరుతున్న బల్బుల చిటపటలు. తన ఊపిరి.

ఇంకొక ఊపిరి.

"సంధ్యా మేడం..."

మెడ తిప్పలేకపోయింది.

"నీ పక్కన జరంత జాగ ఇయ్యరాదా..."

గుసగుస. చెవి పక్కనే. లవంగం వాసన చల్లగా తగిలింది.

"నీకు ఇల్లున్నది. ఇంట్ల ఎదురుచూసే మనిషున్నడు. నాకు గా చౌరస్తల బొమ్మ ఒక్కటే ఉండె... నిన్ను జూసి ఎంత కుళ్లుకునేదాన్నో నీకు ఎరుకేనా?"

ఆ భయంలో కూడా సంధ్యారాణికి అడుగు నుంచి ఆ పాత మంటే లేచింది.

"ఇది నాకిచ్చారు" అంది పెదవులు కదిలీ కదలకుండా. "నేనివ్వను."

లవంగం వాసన ఇంకా దగ్గరికి జరిగింది.

"మంచిది... అయితే నువ్వే ఉండు గీడ."

దీపాలు వెలిగాయి. టీవీలో చదరం ఆమె ముఖం మీదికి వచ్చి, గట్టిగా బిగుసుకుంది.

"గిప్పుడు పట్టుకున్నది" అన్నాడు మహేష్ ఊపిరి వదులుతూ. "నవ్వుండ్రి మేడం."

పెదవి ఎడమ మూల లేచింది. ఫ్లాష్. అంతా తెలుపు.

సైదాబాద్‌లో ఇంటికి చేరేసరికి మనసు ఎంతో తేలిగ్గా ఉంది. చీర ఎప్పుడు మార్చుకుందో, ఆటో ఎప్పుడు ఎక్కిందో గుర్తు లేదు. ఏళ్లుగా గుండెలో గుచ్చుకుంటున్నదేదో పోయింది. కిటికీ తెరల్ని చేత్తో నిమిరింది. వంటగదిలో డబ్బాలన్నీ మూతలు తీసి చూసింది. గౌతమ్‌కి అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, అతను తింటుంటే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటలా చూస్తున్నావు?" అని నవ్వాడతను.

ఫోన్ మోగింది. మహేష్. చేతికి కూర అంటిందని స్పీకర్ పెట్టింది.

"మేడం, జర జల్ది చేస్తరా? షట్టర్ ఎయ్యాలె. చీర మార్చుకునుడు ఇంక గాలేదా? గడియ తీస్తలేరు, తలుపు కొడ్తనే ఉన్నరు. ఏమన్న ఒంట్ల తబియత్ ఖరాబైందా?"

గౌతమ్ చేతిలో ముద్ద ఆగింది.

మహేష్ మాటల వెనక, ప్లైవుడ్ మీద అరచేతుల చప్పుడు. ఒక ఆడగొంతు ఏడుస్తోంది.

"తలుపు తియ్యండి... గౌతమ్‌కి ఫోన్ చెయ్యండి... నేను సంధ్యనండీ..."

గౌతమ్ తలెత్తి ఎదురుగా ఉన్న భార్యని చూశాడు. ఆమె నోరు తెరిచింది. అరవాలనే అనుకుంది. కానీ ఆ నోట్లోంచి లవంగం వాసనతో మాట మెల్లగా వచ్చింది.

"లోపట ఎవ్వలు లేరు మహేష్. నేను ఇంటికొచ్చి శాన సేపైంది. షట్టర్ ఎయ్యి."

ఫోన్‌లో మహేష్ చెప్పులు మెట్లెక్కి పరుగెత్తాయి. తర్వాత ఇనుప షట్టర్ గరగరమంటూ కిందికి దిగింది. 'గౌతమ్' అన్న పిలుపు సగంలో తెగిపోయింది.