శారీగార్డు లేని బండి

బుక్కరాయసముద్రం చెరువు ఎంత పెద్దదంటే, నిండిన ఏడు అవతలి గట్టున ఉన్న మనిషి ఆడో మగో తెలియదంటారు. ఆ ఏడు నిండలేదు. అంతకుముందు ఏడూ నిండలేదు. అందుకని మోటార్‌సైకిల్ నేర్చుకోవడానికి జిల్లా మొత్తం మీద అంతకన్నా మంచి జాగా లేదు. గుద్దడానికి చెట్టు లేదు, గోడ లేదు. నడిమధ్యన ఒక్క గుంట, గుంటలో మోకాటి లోతు నీళ్లు, ఆ నీళ్లలో ఒకే ఒక్క బర్రె.

గోవిందప్ప సరిగ్గా ఆ బర్రె మీదికే పోయాడు.

తప్పంతా అతనిదే అనలేం. కొత్తగా బండెక్కినవాడు దేన్ని తప్పించుకోవాలనుకుంటాడో దాన్నే గుడ్లప్పగించి చూస్తాడు. ఎటు చూస్తే బండి అటే పోతుంది. బర్రె ఆఖరి నిమిషంలో తెలివిగా లేచి పక్కకు జరిగింది. బండి బురదలో పడుకుంది. గోవిందప్ప బర్రె కూర్చున్న చోట కూర్చున్నాడు.

"ఏమప్పా! ఇంత పెద్ద చెర్వులో నీకు మా బర్రే దొరికిందా?"

లంగా ఓణీ కట్టుకున్న పిల్ల ఒకతె కట్టె పట్టుకుని గట్టు దిగి వస్తోంది. ముందు బర్రె కాళ్లు నాలుగూ చూసింది. తర్వాత బండి చక్రాలు రెండూ చూసింది. ఆ తర్వాతే గోవిందప్ప వంక చూసింది.

"బర్రెకు ఏం కాలేదు. బండికీ ఏం కాలేదు. నీకేమన్నా అయిందా?"

"లేదు."

"అయితే లెయ్. అది దాని జాగా."

గోవిందప్ప లేచాడు. అప్పటికే అతనికి ఏదో అయింది గానీ, అది ఆ పిల్లకు చెప్పేటంత ధైర్యం లేదు. చూస్తూ నిలబడ్డాడు. ఎటు చూస్తే అటే పోవడం బండికే కాదు, మనిషికీ ఉంటుందని అతనికి ఆ రోజే తెలిసింది.

ఇంతకీ గోవిందప్పకు బండి ఎందుకంటే, వాళ్లది ధర్మవరంలో పట్టుమగ్గాల ఇల్లు. నేసిన చీరల మూట అనంతపురం అంగళ్లకు చేర్చేది అతనే, అదీ బస్సులో. ఒక రోజు బస్సు టాపు మీద ఎవరో మూట పక్కన మేకను కట్టేశారు. అనంతపురం చేరేసరికి ఆ మేక ఒక పట్టుచీర అంచు మొత్తం నమిలేసింది. వాళ్ల నాయన హనుమంతప్ప ఆ చీర పట్టుకుని, నమిలిన అంచును జానలతో కొలిచాడు. చివరికి, "బండి కొనుక్కోరా," అన్నాడు.

ఇక వీధి వీధంతా సలహాలే. పక్కింటి గంగాధరప్ప, "కొంటే బుల్లెట్టే కొనల్ల! మొగోని బండి!" అని ఎవరిదో బుల్లెట్ తెచ్చి ఎక్కించాడు. గోవిందప్ప రెండు కాళ్లలో ఒకటే నేలను తాకింది, అదీ బొటనవేలి కొసతో. వాళ్లమ్మ సుబ్బలక్ష్మమ్మ మాత్రం, "ఏదైనా కొను నాయనా, మూడు చక్రాలుండేది కొను," అంది.

ఆఖరికి ఎవరో బుక్కరాయసముద్రంలో కదిరప్ప పేరు చెప్పారు. కదిరప్ప ఒకప్పుడు మగ్గం నేసినవాడే. అది మానేసి, పాత మోటార్‌సైకిళ్లు కొని రేకుల షెడ్డు కింద పెట్టి అమ్ముతున్నాడు. అమ్మడం వచ్చు గానీ రిపేరు రాదు. స్క్రూ వదులైనా అనంతపురం నుంచి మెకానిక్కు రావలసిందే. మొదటి రోజు గోవిందప్ప చెరువులో తోలి చూసింది అతని బండే, బర్రె కోసం గట్టు దిగి వచ్చిన పిల్ల అతని కూతురే.

ఇక్కడ గోవిందప్పకు రెండు చిక్కులు వచ్చాయి.

ఒకటి, ఆ పిల్ల పేరు చిన్నక్క. అవ్వ పేరు పెట్టారట. ప్రేమించిన పిల్లను నోరారా పేరు పెట్టి పిలుద్దామంటే చివర అక్క తగులుతుంది. అందుకని అతను ఆమెను "ఇదో", "ఇట్ల చూడు", "ఓ మేడమ్" అని పిలిచేవాడు. రెండోది, మొదటి రోజు అందరిలాగే అతనూ కదిరప్పను "అన్నా" అనేశాడు. ఇంటికెళ్లాక తెలిసింది, అన్న కూతురు తనకు ఏమవుతుందో. రెండో వారం నుంచి గట్టిగా "మామా" అనడం మొదలుపెట్టాడు. కదిరప్ప పట్టించుకోలేదు. బండి కొంటే చాలు, తాతా అన్నా పలుకుతాడు.

కానీ గోవిందప్ప కొంటేనా! కొంటే మళ్లీ ఆ ఇంటికి ఏ మొహం పెట్టుకుని రావాలి? అందుకని వారం వారం వచ్చి, వంకలు పెట్టి పోయేవాడు. వంకలకు అతనికేం తక్కువ? నేతగాడి కన్ను.

"మామా, ఇది ఎరుపు గాదు."

"ఎరుపు గాకుంటే ఏంది సామీ?"

"మిరపపండు ఎరుపు వేరు, కుంకుమ ఎరుపు వేరు. ఇది రెండూ గాదు. ఎండకు పెడితే వెలిసిపోతాది."

మరుసటి వారం నీలం బండి. "నెమలికంఠం అని చెప్పినావు. నెమలి చూస్తే ఏడుస్తాది మామా." చిన్నక్క గడప దగ్గర నిలబడి ఓణీ నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమె నవ్వడం కోసం గోవిందప్ప తెల్ల స్కూటర్లో కూడా మూడు రకాల తెలుపులు కనిపెట్టాడు.

ఇంకో విచిత్రం ఏమంటే, ఆ మొదటి రోజు తర్వాత గోవిందప్ప వచ్చినప్పుడల్లా ఏ బండీ స్టార్టయ్యేది కాదు. కిక్కు కొట్టి కొట్టి అతని పిక్కలు పట్టేసేవి. మరునాడు వేరే ఎవరైనా వస్తే అదే బండి ఒక్క కిక్కుకు లేచేది. కదిరప్పకు అనుమానం గట్టిపడింది.

"నీ కాలు మంచిది గాదప్పా. నువ్వు కాలు పెడితే బండి చస్తాంది. లేచే బండికి రంగు బాగలేదంటావు, రంగు బాగుండే బండి నువ్వొస్తే లేవదు... నాకు పిచ్చి లేస్తాంది."

ఒక రోజు కదిరప్ప టీ తాగడానికి పోయాడు. షెడ్డులో నల్ల రాజ్‌దూత్ ఒకటి కొత్తగా వచ్చి ఉంది. గోవిందప్ప దాని చుట్టూ ఊరికే తిరుగుతున్నాడు.

"ఎక్కి కూచో," అంది చిన్నక్క.

కూర్చున్నాడు.

"రెండు పాదాలూ ఆనినాయా?"

"ఆనినాయి."

"ఇప్పుడు దిగి, పక్కకు వంచి, నువ్వే పైకి లేపు."

వంచాడు, లేపాడు. మొహం ఎర్రబడింది గానీ లేపాడు.

"అంతే. మొదటి బండికి అంతకన్నా చూసేది లేదు. కాళ్లు ఆనల్ల, పడితే నువ్వే లేపుకోవల్ల. పడతావు గదా మల్ల." ఆమె సీటు తుడుస్తూ అంది. "దీనికి ఒకటే తక్కువ. శారీగార్డు లేదు. బెళుగుప్పలో ఎవరో పెండ్లి గాని మేష్టరుది. ఆడమనిషి వెనక కూచుంటే కొంగు చక్రంలో పడతాది."

గోవిందప్ప వెనక చక్రం ఎడమ పక్కన, ఇనుప జాలీ ఉండవలసిన ఖాళీ వంక చూశాడు.

"ఇదో... ఓ మేడమ్..."

"నాకు పేరు ఉండాది."

"ఆ పేరు నేను పిలవను."

"ఏంటికి?"

అతను మళ్లీ ఆ ఖాళీ వంకే చూశాడు. ఆమె గుడ్డ దులుపుతూ, అతని వంక చూడకుండా అంది. "ఆదివారం కుందుర్పి నుంచి మనుషులు వస్తాండారు. నన్ను చూసేకి."

ఇలాంటి చోట వాన పడితే కథకు బాగుంటుంది. అనంతపురం జిల్లాలో కథ రాసేవాడికి ఆ సౌకర్యం లేదు. గాలి లేచింది. ఇద్దరి కళ్లలో దుమ్ము పడింది. ఇద్దరూ కళ్లు నలుపుకున్నారు, దుమ్ముకే అనుకోవాలని ఇద్దరూ అనుకున్నారు.

శుక్రవారం గోవిందప్పతో హనుమంతప్ప కూడా దిగాడు. "ఇన్ని వారాలా ఒక బండికి? మీయమ్మను చూసేకి నాకు ఒక్క పూట పట్టింది," అని తిట్టుకుంటూ వచ్చాడు.

షెడ్డులో నాలుగు బండ్లు చూసి, రాజ్‌దూత్ దగ్గర ఆగాడు. టాంకు మీద బొటనవేలు పెట్టి, చీర నాణ్యం చూసినట్టు రుద్దాడు. వంగి సీటు కుట్టు చూశాడు.

"కుట్టు వరసగా ఉండాది. ఇదే."

"నాయనా, నలుపులో కొంచెం..." గోవిందప్ప మొదలుపెట్టాడు.

"ఒరే, నేను రంగుల్లో పుట్టి పెరిగినోన్ని. అది నలుపు. గమ్మునుండు."

ఏమీ చేయలేక గోవిందప్ప కిక్కు కొట్టాడు. స్టార్ట్ కాలేదు. హనుమంతప్ప పంచె ఎగ్గట్టి కొట్టాడు. స్టార్ట్ కాలేదు, పంచె మాత్రం ఊడబోయింది. కదిరప్ప కొట్టాడు. కాలేదు.

"పొద్దున ఒక్క కిక్కుకు లేచింది సామీ! నీ కొడుకు కాలు తగిలింది, చచ్చింది. రేపు మెకానిక్కును పిలిపిస్తా."

"రేపు గీపు లేదు. తోసుకోనైనా పోతాం. ఈ పొద్దు బండి ఇంటికి రావల్ల."

కదిరప్ప మొహం వెలిగింది. "అయితే సరే. ఇంగేమన్నా కావల్నా? అద్దం? హారను?"

ఇక అయిపోయింది. బండి వచ్చేసింది, ఈ ఇంటికి వచ్చే వంక పోయింది, ఎల్లుండి కుందుర్పి వాళ్లు వస్తారు. గోవిందప్ప గడప వంక చూశాడు. చిన్నక్క అక్కడే ఉంది. ఈసారి నవ్వడం లేదు.

"శారీగార్డు కావల్ల," అన్నాడు.

హనుమంతప్ప తిరిగి చూశాడు. "శారీగార్డు ఏంటికిరా? ఎవరు కూచుంటారు? మీయమ్మనా? ఆమె జట్కా ఎక్కమంటేనే దండం పెడతాది."

"అమ్మ గాదు."

"చీరల మూటకా? మూట పైన గదా పెడతావు."

"మూట గాదు నాయనా." గోవిందప్ప కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మాట మాత్రం బయటికి వచ్చేసింది. "మామా, ఈ బండి మీద నీ కూతురు కూచునేటట్లయితేనే నేను కొంటా. ల్యాకుంటే నాకు బండే వద్దు. బస్సులోనే పోతా. మేకతోనే పోతా!"

ముందుగా తేరుకున్నది హనుమంతప్ప.

"ఈయన నీకు ఎప్పుడు మామ అయినాడురా?"

"రెండో వారం నుంచి."

కదిరప్ప భుజం మీది తువ్వాలు తీసి విదిలించాడు. "ఏమప్పా, బండి బేరానికి వచ్చి నా పిల్లను అడుగుతావా? కుందుర్పోళ్లకు మాట చెప్పినా నేను! అయినా ఏం చూసి ఇయ్యల్ల నీకు? చెర్వులో పడేసిన దాని తర్వాత ఒక్క బండి, ఒక్కటంటే ఒక్క బండి స్టార్ట్ చేసినావా ఇంతవరకూ? ఆ కాలు నా ఇంట్లో పెడితే నా పొయ్యి కూడా వెలగదు!"

గోవిందప్ప తల దించుకుని తన కాలి వంక చూసుకున్నాడు. పాపం, దాన్ని అతను కూడా నమ్మడం మానేశాడు.

అప్పుడు చిన్నక్క గడప దిగింది. ఒక చేతిలో పానా ఉంది. ఓణీ కొంగు ముడి విప్పింది. అందులోంచి ఒక ప్లగ్గు తీసింది. ఎవరి వంకా చూడకుండా రాజ్‌దూత్ పక్కన గొంతుక్కూర్చుని, ఉన్న ప్లగ్గు ఊడదీసి, ముడిలోది బిగించింది. లంగా కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని ఒక్క కిక్కు కొట్టింది.

బండి లేచింది. షెడ్డు రేకులు అదిరాయి. బర్రె కూడా తల తిప్పి చూసింది.

"ఆయన కాలుది తప్పు గాదు నాయనా," అంది చిన్నక్క. "చచ్చిన ప్లగ్గుది."

"ఆ ప్లగ్గు ఎవరు పెట్టినారు?"

"నేనే."

"పోయిన వారం తెల్ల స్కూటరుకు?"

"నేనే."

"ఆ నీలం బండికి?"

"దానికీ నేనే."

"ఎర్ర బండికి?"

"అది నేను గాదు. దానికి నిజంగానే బాగలేదు."

కదిరప్ప వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "మెకానిక్కు... ఇన్నిసార్లు... ఏంటికే ఇట్ల చేసినావు?"

చిన్నక్క ఇంజను ఆపింది. అందరికీ వినబడాలనే ఆపింది.

"స్టార్టయితే కొనుక్కోని పోతాడు. పోతే మల్ల ఏంటికి వస్తాడు?"

గోవిందప్ప బండి హ్యాండిలు పట్టుకున్నాడు, పడిపోకుండా. పడబోయింది బండి కాదు. తను వంకలు పెడుతున్నాడు, ఆమె ప్లగ్గులు మారుస్తోంది. ఇద్దరూ కలిసి ఒక మంచి వ్యాపారిని ఇన్నాళ్లుగా ముంచుతున్నారు. అతనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

హనుమంతప్ప మాత్రం నవ్వేశాడు. బండి దగ్గరికి వచ్చి, ఆ పిల్ల బిగించిన ప్లగ్గును కూడా చీర నాణ్యం చూసినట్టు బొటనవేలితో తడిమాడు. వేలు కాలింది. ఊదుకుంటూ అడిగాడు.

"ఏమ్మా, శారీగార్డు బిగించేది కూడా వచ్చునా నీకు?"

"వచ్చు."

"అయితే బిగించుకో."

కదిరప్ప అందరి వంకా మార్చి మార్చి చూశాడు. బండి అమ్ముడుపోయింది, పిల్ల మనసు తెలిసింది, ఇక మెకానిక్కు ఖర్చు కూడా తప్పినట్టే. తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"కుందుర్పికి ఎవరినన్నా పంపల్ల," అన్నాడు. "రావద్దని."

పెళ్లి బుక్కరాయసముద్రంలోనే అయింది. మరునాడు చుట్టాలు బస్సెక్కారు. కొత్త జంట రాజ్‌దూత్ మీద ధర్మవరం రావాలని హనుమంతప్ప ఆజ్ఞ. శారీగార్డు తళతళలాడుతోంది. గోవిందప్ప పట్టుపంచె గోచీ పోసి కట్టుకుని ముందు కూర్చున్నాడు. చిన్నక్క కూడా గోచీ పోసి చీర కట్టుకుంది. ఎందుకలా కట్టుకుందో అప్పుడు అతనికి అర్థం కాలేదు.

ఊరు దాటగానే రోడ్డుకు అడ్డంగా ఒక బర్రె వచ్చింది. గోవిందప్ప చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. బండి అటే తిరిగింది.

"చూడొద్దు!" అని అరిచి చిన్నక్క వెనక నుంచి అతని మొహం రెండు చేతులతో పక్కకు తిప్పింది. బండి వేరుశనగ చేనులోకి దిగి ఆగిపోయింది.

"దిగు," అంది.

దిగాడు. ఆమె ముందుకు జరిగి హ్యాండిలు పట్టుకుంది. అతను వెనక ఎక్కబోయాడు. చేనులోకి దిగినప్పుడు గోచీ ఊడిన పట్టుపంచెతో కాలు అటు వేయడం కుదరలేదు. రెండు కాళ్లూ ఎడమ పక్కకే పెట్టి, ఒక చేత్తో సీటు పట్టుకుని, ఒద్దికగా కూర్చున్నాడు. పంచె కొస శారీగార్డు మీద భద్రంగా ఆనుకుంది.

దారిలో బస్సు వాళ్లను దాటి పోయింది. కిటికీలోంచి హనుమంతప్ప తల బయటికి పెట్టాడు. "ఒరే, చీరకని పెట్టిస్తే మన పంచెను కాపాడిందిరా!" అని అరుస్తూనే పోయాడు.

అప్పుడు, నిజంగా, నాలుగు చినుకులు పడ్డాయి. లెక్కపెట్టుకోవడానికి వీలుగా ఒకటొకటే పడ్డాయి. గోవిందప్ప ముందుకు వంగి, ఎన్నో వారాలుగా నోట్లో దాచుకున్న పేరును చివర తుంచేసి పిలిచాడు.

"చిన్నా."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అవి సరిగ్గా మిరపపండు ఎరుపు అని అతను ఒట్టేసి చెప్పగలడు.

"యాడ చూస్తాండావు?" అంది వెనక్కి తిరగకుండా.

"నిన్నే."

"బాగా చూసుకో. ఇప్పుడు ఎట్ల చూసినా ఏం గాదు. తోలేది నేను."