బేస్ స్టేషన్ చెప్పిన అబద్ధం

సర్వేయర్ మురళీధరన్ శవం కాట్టుపల్లి దగ్గర సముద్రంలో తేలింది. చనిపోయే ముందు అతను పంపిన మెసేజ్ ఒక్కటే: "బేస్ స్టేషన్‌ని నమ్మొద్దు."

తిరువళ్లూరులో ఒక టిఫిన్ సెంటర్లో ఇంటెలిజెన్స్ చీఫ్ అరుణాచలం తన ఏజెంట్ రఘుకి ఆ మెసేజ్ చూపించి ఫోన్ బోర్లా పెట్టాడు.

"తిరుత్తణి పక్కన మట్టి రన్‌వే వేస్తున్నారు. మిలిటరీ కార్గో ప్లేన్ ట్రయల్ ల్యాండింగ్. చదును చేసేది శాటిలైట్ సిగ్నల్‌తో నడిచే గ్రేడర్లు. ఎంత ఎత్తులో చదును చెయ్యాలో వాటికి చెప్పేది సైట్‌లోని బేస్ స్టేషన్. అక్యూరసీ రెండు సెంటీమీటర్లు. దాన్ని చెడగొట్టేదానికి ఫారిన్ ముఠా ఒకటి దిగింది. నువ్వు గ్రేడర్ ఆపరేటర్‌గా పోతావు."

"పైలట్ ఎవరు సార్?"

"మీ చిన్నాన్న కూతురు, యశస్విని."

రఘు ఇడ్లీ ప్లేటు పక్కకి నెట్టేశాడు. పొదటూరుపేట మగ్గాల వీధిలో ఆ పిల్లకి సైకిల్ నేర్పింది తనే.

ఇక సైట్‌లో అందరూ అతని కంటికి దొంగల్లాగే కనబడ్డారు. ముందు వరసలో సర్వే కన్సల్టెంట్ మోనిషా. నల్ల కళ్లద్దాలు, రెండు ఫోన్లు, ఎర్రమట్టిలోనూ మాయని తెల్ల చొక్కా. చీఫ్ లెక్కలో ఆమె ముఠాలోకి మనం పంపిన మనిషి. రఘు లెక్కలో రెండు విస్తళ్లలో తినే రకం.

ల్యాండింగ్ రోజు పొద్దున ఆమె ఎత్తు కొలిచే చెకింగ్ పోల్‌తో, కొత్తగా చదును చేసిన రన్‌వే నడిమి భాగమంతా తిరిగొచ్చింది.

"అన్నీ రెండు సెంటీమీటర్ల లోపే. ఆల్ గ్రీన్."

రఘుకి అదే నచ్చలేదు. గ్రేడర్ ఎత్తు అడిగేది బేస్ స్టేషన్‌నే, చెకింగ్ పోల్ అడిగేదీ దాన్నే. దొంగే సాక్షి అయితే తప్పు ఎట్లా బయటపడుతుంది? నేరుగా బేస్ స్టేషన్ దగ్గరికి నడిచాడు. సైట్ ఇంజనీర్ వరదన్ అక్కడే ఉన్నాడు.

"యాంటెన్నా రాడ్డుకి గంధం ఎవరు పూసినారు?"

"నేనే రఘన్నా. ఆయుధపూజకి మిషన్లన్నిటికీ పూసి దీన్నొక్కదాన్నే వదిలేస్తామా? కింది గొట్టం నుంచి పైదాకా ఒకే పట్టీ పూసినాను."

ఇప్పుడది ఒకే పట్టీగా లేదు. కింద సగం, పైన సగం, మధ్యలో బెత్తెడు స్టీలు తళతళలాడుతోంది. పూజ తర్వాత ఎవరో రాడ్డుని పైకి లాగారు. యాంటెన్నా లేచినా స్టేషన్ పాత ఎత్తు లెక్కే చెబుతుంది కాబట్టి, అది లేచినంత గ్రేడర్ బ్లేడూ లేస్తుంది. పూజ తర్వాత చదును చేసిన నడిమి భాగమంతా బెత్తెడు గట్టు. కంటికి ఆనదు కానీ, దిగే విమానం చక్రాలు విరగడానికి చాలు. ఆ గట్టు వేసింది తన చేతులే.

వాకీటాకీ నొక్కాడు. గరగర తప్ప మాట లేదు. ఎవరో జామర్ పెట్టి సిగ్నల్ ఆపేశారు. కొండ వెనక విమానం మోత వినిపించింది.

గ్రేడర్ దగ్గరికి పరిగెత్తాడు. తాళంచెవి మోనిషా చేతిలో ఉంది.

"రాడ్డు లాగింది నువ్వేనా?"

"నేనే. లాగకపోతే మురళీధరన్ పక్కన నన్నూ పడేసేవాళ్లు. గంధం కూడా తుడిచెయ్యమన్నారు. మీరు చూస్తారనే తుడవలేదు." తాళంచెవి అతని చేతిలో పెట్టింది. "జామర్ ఆ నీళ్ల ట్యాంకర్‌లో ఉంది. ముఠావాళ్లిద్దరూ అందులోనే."

నమ్మాలో లేదో తేల్చుకునే టైం లేదు. రఘు గ్రేడర్‌ని ఉరికించి రన్‌వేకి అడ్డంగా ఆపేశాడు. విమానం ముక్కు ఎదురుగా పెద్దదవుతోంది. కళ్లు మూసుకున్నాడు. చెవులు పగిలే మోతతో చక్రాలు కేబిన్ పైనుంచి దూసుకుపోయాయి. కళ్లు తెరిచేసరికి విమానం మళ్లీ ఆకాశంలో ఉంది. స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చేశాడు.

ట్యాంకర్‌లో ఇద్దరూ దొరికారు. మోనిషా చెప్పింది నిజమే. అయినా చీఫ్ ఆమె ఫోన్లు రెండూ లాక్కున్నాడు.

సాయంత్రం యశస్విని ఫోన్ చేసింది. రఘు అసలు ఉద్యోగం ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు.

"అన్నా, ఈ పొద్దు చచ్చి బతికినాను. ఎవడో తాగుబోతు రన్‌వేకి అడ్డంగా గ్రేడర్ పెట్టినాడు. దొరికితే వాడి చెంప పగలగొడతాను."

"పగలగొట్టాల్సిందే మా," అన్నాడు రఘు, చెంప తడుముకుంటూ.