ఆ 'టు' తెలిసే పెట్టాను

పొద్దున్నే కూతురు ఆఫీసుకు తయారవుతుండగా ఫోన్ మోగింది. ఆసుపత్రి కుట్టు విభాగం సూపర్‌వైజరు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ దుప్పట్లు, నర్సుల యూనిఫాంలు కుడుతున్న అమ్మ నిన్న ఇంగ్లీషులో ఉత్తరం ఇచ్చిందట. ఉద్యోగం మానేస్తోందా అని ఆవిడ అడిగి, ఉత్తరంలోని ఒకే ఒక్క వాక్యం చదివింది: "ఐ హావ్ స్టార్టెడ్ ప్లానింగ్ టు లీవ్."

కూతురికి నవ్వొచ్చింది. మోకాళ్ళ నొప్పికి నాలుగు రోజులు లీవు కావాలనుకుని ఉంటుంది అమ్మ. మధ్యలో 'టు' దూర్చేసరికి సెలవు కాస్తా వెళ్ళిపోవడమై కూర్చుంది. అమ్మ ఇంగ్లీషు అంతంతమాత్రమే, ఆ కాగితం చింపేయండని చెప్పేసింది. అటువైపు ఆవిడా నవ్వింది. బ్యాంకు ఫారాల దగ్గర్నుంచి గ్యాసు ఫిర్యాదు దాకా అమ్మ తరఫున మాట్లాడడం కూతురికి అలవాటే.

వంటింట్లోకి వెళ్ళి, పెద్ద గండం గట్టెక్కించినట్టు ఈ సంగతి చెప్పింది. అమ్మ స్టవ్వు కట్టేసి ఇటు తిరిగింది.

"ఆ 'టు' తెలిసే పెట్టానే."

కూతురు తెల్లబోయింది. ఆర్నెల్లుగా భోజన విరామంలో మందుల షాపు అమ్మాయి దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటున్నానని అమ్మ చెప్పింది. తోటి కుట్టుపనావిడతో కలిసి బజారు మలుపులో ఒక గది చూసిందట, సొంత షాపు కోసం. రేపే మానేస్తానని కాదు, ఏర్పాట్లు మొదలుపెట్టానని ముందుగా తెలపడం మర్యాద కదా, అందుకే 'స్టార్టెడ్ ప్లానింగ్' అని రాసిందట.

"ఈ వయసులో షాపేంటమ్మా? నాతో ఒక్క మాటైనా అనలేదే!"

"అని ఉంటే ఆ ఉత్తరం నువ్వే రాసేదానివి," అంది అమ్మ నిమ్మళంగా. "నా మాటలన్నీ నువ్వే చెప్పీ చెప్పీ, నాకూ ఒక మాట ఉంటుందన్న సంగతే మర్చిపోయావు. ఇంతకీ ఆవిడ నవ్విందా?"

"ఇద్దరం నవ్వాం," అంది కూతురు తల దించుకుని.

అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుని, ఆ నంబరు కలపమంది. కూతురు కలిపింది కానీ వెంటనే ఫోన్ ఇవ్వలేదు.

"మేడమ్, ఇందాక నేను చెప్పింది తప్పు. అమ్మ రాసిందే కరెక్టు. తనే మాట్లాడుతుంది."

అమ్మ ఫోన్ అందుకుంది. రెండు నెలలు ఉంటాననీ, కొత్తగా వచ్చేవాళ్ళకు పని నేర్పాకే వెళ్తాననీ ఇంగ్లీషులోనే ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది. ఒకచోట ఒక మాట తప్పుగా అంది. సరిదిద్దబోయి కూతురు పెదవి కొరుక్కుంది. అమ్మ ఆగి, వెనక్కి వెళ్ళి, ఆ మాటను తనే సరిచేసుకుని ముందుకు సాగింది.

కూతురి కళ్ళు నిండాయి. చప్పుడు కాకుండా కుర్చీ తెచ్చి అమ్మ వెనక వేసింది.