ఐదో గిన్నె

గడపలో వరసగా నిలబడ్డ పిల్లల్ని నూకాలు ఒక్కొక్కరిగా తూనికనేల మీదికి వదులుతోంది. కాలు మోపగానే నేల పచ్చగా మెరుస్తుంది. "పద్దెనిమిది కిలోల రెండు వందల గ్రాములు. లోపలికి" అంటుంది తూకం యంత్రం తూకరి. ఆ గొంతులో విసుగుండదు, తొందరుండదు. గడప దాటిన పిల్ల చెయ్యి చాపితే నూకాలు మణికట్టుకు పూసలదండ కడుతుంది. దండకు గోరంత గిన్నెలు నాలుగు. తెల్లది సంపాదన, నీలం దాపుడు, ఎరుపు ఖర్చు, పసుపు పంపకం. వారమంతా నాచుమళ్లలో పీతలు ఏరినందుకూ, ఉప్పుచిక్కుళ్లు ఒలిచినందుకూ వచ్చిన పూసలు తెల్ల గిన్నెలో మిణుకుమంటుంటాయి. అక్కణ్ణుంచి ఏ గిన్నెలోకి జార్చుకోవాలో పిల్లల ఇష్టం.

"నూకాలప్పా, నా దండ బిగుసుకుపోతంది."

"నువ్వు లావెక్కినావురా సిమ్మాద్రీ. తూకరి సెప్పలేదేటి?"

వరసంతా నవ్వింది. పిల్లలతోనైతే నూకాలుకు మాటలకు కొదవ లేదు. పెద్దవాళ్లు ఎదురుపడితేనే అవి గొంతు దగ్గర ఆగిపోతాయి. అంగడి కాపరి ఉద్యోగానికి వచ్చిన రోజున కూడా తన పేరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మొదటిసారి ఎవరికీ వినపడక.

కట్ట మీది ఊళ్లన్నిటికీ తూకరి ఒక్కటే. తాగునీళ్లు పోసేది అదే, బియ్యం కొలిచేది అదే. చుక్క ఎక్కువ రాదు, గింజ తక్కువ కాదు. మనిషి చేత్తో తూచి ఇవ్వడం ఈ పిల్లల అంగడిలో తప్ప ఇంకెక్కడా లేదు. గురువారం గురువారం రెండో తరగతి పిల్లలు పదకొండు మంది చేతిత్రాసులు పట్టుకుని, తాము పండించినవీ వండినవీ తామే అమ్ముకుంటారు. డబ్బంటే ఏమిటో చేతులతో తెలియాలని పెట్టిన పాఠం అది.

ఆ పాఠానికి ఇవాళ గండం ఉంది. గత రెండు గురువారాలూ పైడితల్లి దుకాణంలో సరుకుకూ పూసలకూ పొంతన కుదరలేదు. ఏడేళ్ల పైడితల్లి వేయించిన ఉప్పుచిక్కుడు గింజలు అమ్ముతుంది. అమ్మిన దానికన్నా ఎక్కువ గింజలు మాయమయ్యాయి. కారణం చెప్పమని తూకరి అడిగితే, నూకాలు రెండుసార్లూ "పొరపాటు" మీటే నొక్కింది. పిల్లని పిలిచి అడగలేదు. దొంగతనం అని తేలితే ఎలా అని భయం. మూడోసారి తేడా వస్తే అంగడికి తలుపులు పడతాయి. పిల్లలు తెరపాఠాలకు పోతారు, నీలం గిన్నెల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది. అందరూ కలిసి పడవ కోసం దాస్తున్న పూసలవి. నీళ్లలో సగం మునిగిన దీపస్తంభాన్ని దగ్గరగా చూసి రావాలని వాళ్ల కోరిక. ఇంకా పన్నెండు పూసలు తక్కువ.

అందుకే తల్లిదండ్రుల్ని ఇవాళ రానివ్వలేదు. తనిఖీకి విద్యాసంఘం నుంచి పట్నాయక్ గారు వచ్చారు. గడపలో ఆయన్నీ తూకరి తూచింది. డెబ్బై ఒక్క కిలోల నాలుగు వందల గ్రాములు. ఆయన ముఖం ముడుచుకున్నారు.

"గట్టిగా చెప్పాలా అది?"

"అందరికీ అలాగే సెప్తాదండీ" అంది పైడితల్లి దుకాణంలోంచి. "రండి బాబూ, రండి! ఏడేడి గింజలు!"

"వంద గ్రాములివ్వు."

పైడితల్లి నాలుక కొస బయటపెట్టి, త్రాసు ముల్లు మధ్యకు వచ్చేదాకా ఒక్కో గింజ వేసింది. ఆయన అయిదు పూసలు జార్చారు. పిల్ల వాటిని తెల్ల గిన్నెలోకి పట్టుకుని, వెంటనే రెంటిని నీలంలోకి పంపింది. పట్నాయక్ గారు తలాడించారు. ఎండగా ఉందని గింజలు నములుకుంటూ అంగడి చుట్టూ ఉన్న తెల్లగీత దాటి పందిరి కింద నిలబడ్డారు.

నేల ఎర్రబడింది.

"పైడితల్లి దుకాణం. తేడా. మూడోసారి" అంది తూకరి. "కాపరి కారణం చెప్పాలి. పొరపాటు, దొంగతనం, వృథా. నూరు అంకెల గడువు. నూరు. తొంభై తొమ్మిది."

పిల్లలంతా ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా ఆగిపోయారు. నూకాలు పైడితల్లి ముందు గొంతుక్కూర్చుంది.

"ఏటి సేసినావే అమ్మీ? నిజం సెప్పు."

"నానేటీ సెయ్యలేదప్పా. తూసి ఇచ్చీసాను. కొసరేసినాను."

"ఏటేసినావు?"

"కొసరు." ఇంత తెలీదా అన్నట్టు చూసింది పిల్ల. "తూసేసినాక ఇంకాసిని ఏస్తారు గదా. మా మామ్మ సేపలమ్మినపుడు అలాగే యేసీదంట. యెయ్యకపోతే బేరం అయినట్టు కాదంట."

"అరవై రెండు."

"అలాగైతే పసుపు గిన్నెలోంచి పూసలు తియ్యాలి. పంపకం కింద రాయించాలి గదే."

"పంపకమేటి? ఆ బాబేటి అడుక్కున్నాడా? కొనుక్కున్నాడు. కొసరంటే కొసరే!"

నూకాలు లేచి నిలబడింది. ముందున్నవి మూడు మాటలు. పొరపాటు కాదు, పిల్ల తెలిసే వేసింది. దొంగతనం కాదు. వృథా అసలే కాదు. ఏది నొక్కినా తలుపులు పడతాయి, పైగా అది అబద్ధం కూడా. ఇప్పటికే రెండు అబద్ధాలు తన చేత్తో నొక్కి ఉంది.

"నలభై. కాపరి కారణం చెప్పాలి."

"తూకరీ" అంది నూకాలు. గొంతు పీలగా వచ్చింది. దాన్ని సవరించుకుని మళ్లీ అంది. "దుకాణం దుకాణంగా కాదు. అంగడంతా ఒకేసారి తూచు. మనుషులతో సహా."

"అటువంటి తూకం నియమాల్లో లేదు."

"కూడదని ఉందా?"

తూకరి అంకెలు ఆగాయి. నూకాలు ఉద్యోగంలో చేరాక అది ఆగడం ఇదే మొదలు.

"లేదు" అంది చివరికి. నేలంతా ఒక్కసారిగా మెరిసింది. "తేడా పద్నాలుగు గ్రాములు. ఇరవై ఆరు. ఇరవై అయిదు."

సిమ్మాద్రి ఏడుపు మొహం పెట్టాడు. నూకాలు నేల నాలుగు మూలలా చూసింది. పదకొండు మంది పిల్లలు, తను. పోయినది ఎటు పోతుంది? చూపు తెల్లగీత దాటి పందిరి కిందికి వెళ్లింది. పట్నాయక్ గారి దవడలు ఆడుతున్నాయి.

ఆయన పెద్ద అధికారి. అయినా నూకాలు గీత దాకా నడిచింది.

"బాబూ!" అని కేకేసింది. తన కేక తనకే కొత్తగా వినిపించింది. "మీరు గీత లోపలికి రావాలండీ!"

"నేనా? ఎందుకు?"

"మా తేడా మీ దగ్గరుందండీ."

"నా దగ్గరా!" ఆయన ఖాళీ పొట్లం దులిపి చూపించారు. "అంతా తినేశాను కదమ్మా."

"కడుపులోనే ఉంటాది గదండీ!" అంది పైడితల్లి.

పిల్లలు గొల్లుమన్నారు. "రండి బాబూ, రండి" అంటూ పదకొండు గొంతులూ ఒకటయ్యాయి. "తొమ్మిది" అంది తూకరి. "ఎనిమిది." పట్నాయక్ గారు ఒక్క క్షణం తన పొట్ట వంక చూసుకుని, పంచె అంచు పట్టుకుని గీత మీదుగా లోపలికి దూకారు.

నేల పచ్చబడింది.

"గడపలో తూచిన బరువు మినహా, అమ్మిన వంద గ్రాములు మినహా, చెమటగా పోయిన ఆరు గ్రాములు కలిపి, తేడా సున్నా" అంది తూకరి. "దుకాణంలో తగ్గింది. అంగడిలో పోలేదు. దీన్ని ఏ గిన్నెలో వెయ్యాలి?"

నూకాలు పట్నాయక్ గారి వంక చూడలేదు. అనుమతి అడిగితే మళ్లీ గొంతు పోతుందని ఆమెకు తెలుసు.

"నాలుగింట్లోనూ కాదు. ఐదోది పెట్టు. పేరు కొసరు."

"కొసరు. ఎంతవరకు?"

పైడితల్లి తన గుప్పిట ఎత్తి చూపించింది. "సెయ్యెంత పడితే అంత."

"ఎవరి చెయ్యి?"

"ఇచ్చేవోలి సెయ్యి!"

"రాసుకున్నాను. గత రెండు తేడాల కారణం 'పొరపాటు' అని ఉంది. మార్చాలా?"

"కొసరని మార్చు" అంది నూకాలు. "పొరపాటు నాదని కింద రాయి. నేను అడగలేదు."

పదకొండు దండల మీద గోరంత ఆకుపచ్చ గిన్నె విచ్చుకుంది. పిల్లలు మణికట్లు పైకెత్తి చూసుకుంటూ కేకలు పెట్టారు. ఆ గందరగోళంలో పట్నాయక్ గారు పైడితల్లి దుకాణం ముందు మళ్లీ నిలబడ్డారు.

"ఇంకో వంద ఇవ్వు."

పిల్ల ముల్లు చూసుకుంటూ తూచింది. పొట్లం అందుకున్నాక కూడా ఆయన కదల్లేదు. రెండో అరచెయ్యి చాపే ఉంచారు.

"ఏటండీ?"

"కొసరు వెయ్యవేమే?"

ఆ పూట ఎవరి దుకాణం ముందూ జనం తగ్గలేదు. కొన్నప్పుడల్లా ఓ పిడికెడు ఎక్కువొస్తుంటే సిమ్మాద్రి నాచు అప్పడాలు మూడోసారి కొన్నాడు, తన దుకాణం వదిలేసి మరీ. తలుపులు మూసే వేళకు నీలం గిన్నెలు నిండాయి. పడవకు చాలినన్ని పూసలు, మీద నాలుగు. ఆ నాలుగు పడవవాడికి కొసరని పైడితల్లి తేల్చేసింది.

మధ్యాహ్నం ఇంటికి పోతూ నూకాలు కట్ట దగ్గర నీళ్లగొట్టం కింద బిందె పెట్టింది. ముందున్న ముసలమ్మ పక్కకు జరిగింది.

"పది లీటర్లు" అంది తూకరి. నీళ్లు పడ్డాయి. పది కాగానే ధార ఎప్పట్లాగే తెగింది. నూకాలు బిందె ఎత్తబోయింది.

"ఆగండి" అంది తూకరి.

గొట్టం ఒకసారి గరగరలాడింది. తర్వాత, అలవాటు లేని చేత్తో వంపినట్టు, ఇంకో గ్లాసెడు నీళ్లు బిందెలో పడ్డాయి.