మూడు తూముల దగ్గర ఇంజను ఆపకండి

మూడు తూముల మలుపుకి మంచి పేరు లేదు. గణపవరం దాటి కొల్లేరు వైపు దిగే దారిలో ఎవరినైనా అడగండి – చీకటి పడ్డాక అటు వెళ్లొద్దంటారు. వెళ్లక తప్పకపోతే, ఇంజను మాత్రం ఆపొద్దంటారు.

అక్కడి చేపల చెరువులో ఇంజను రమణ ఉన్నాడు. ఉన్నాడంటే... బతికి లేడు. ఏదో తుఫాను రాత్రి ఆయిలింజను చూడబోయి నీళ్లలో పడిపోయాడట. నడిచి వెళ్లేవాళ్ల జోలికి రాడు. సైకిళ్లంటే చిన్నచూపు. ఇంజను చప్పుడు వినపడిందా – గట్టు పక్కనే, నీళ్లలో, బండితో సమానంగా వస్తాడట. చచ్చినా పనిమీద అభిమానం పోలేదు పాపం.

ఇదంతా భీమశంకరానికి తెలుసు. తెలిసి కూడా, పొద్దుగూకాక, ఆ దారినే వస్తున్నాడు – సొంత ట్రాక్టరు మీద.

సొంత ట్రాక్టరు! ఆ మాటని రోజంతా బెల్లంముక్కలా చప్పరిస్తూనే ఉన్నాడు. చిన్నదే, పాతదే, అయితేనేం. ప్రతి వానాకాలం సార్వా నాట్లకీ అద్దె ట్రాక్టరు కోసం ఊరందరి వెనకా నిలబడడం అతనికి అలవాటైపోయింది. అందరి చేలకీ నీళ్లలో దున్నే దమ్ము అయ్యి తన వంతు వచ్చేసరికి నారు ముదిరిపోయేది. కిందటేడు పంట సగం అలాగే పోయింది. ఈసారి నారు సిద్ధంగా ఉంది, చేలో నీళ్లు నిండుగా ఉన్నాయి. "రేపే మా దమ్ము" అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేశాడు.

"బండ్ల సంగతి తెలిసినవాళ్లని ఎవరినైనా వెంటబెట్టుకెళ్లండి," అంది పొద్దున భార్య లక్ష్మీప్రసన్న.

"నాకు తెలీదేంటి?" అన్నాడు భీమశంకరం.

తెలీదు. తాడేపల్లిగూడెంలో ఆ బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, టైరుని కాలితో తన్ని, గంభీరంగా తలూపాడు. అదీ పరీక్ష. అతను వెళ్లేసరికే బ్రోకరు ఫణికిరణ్ ఇంజను స్టార్ట్ చేసి ఉంచాడు. కుర్రాడికి ఎంత మర్యాదో అని మురిసిపోయాడు కూడా.

"కొబ్బరితోటలో తిరిగిన బండండి. చెరువుగట్టు మొహం ఎరగదు," అన్నాడు ఫణికిరణ్. చక్రాల కింద నిమ్మకాయలు కూడా తనే తెచ్చి పెట్టాడు. బయల్దేరేటప్పుడు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి –

"మూడు తూముల మీంచేగా అండి వెళ్తారు? అక్కడ ఇంజను మాత్రం ఆపకండేం. అసలు ఇంటికెళ్లేదాకా ఆపకపోతే మరీ మంచిదండి."

ఎంత మంచి కుర్రాడు! ఈ రోజుల్లో ముక్కూమొహం తెలియనివాడి క్షేమం ఎవడాలోచిస్తాడు?

మలుపు వచ్చింది. ఒక లైటే వెలుగుతోంది, అదీ నిద్రమొహంతో. ఒకపక్క తుప్పలు. ఇంకోపక్క చెరువు... నల్లగా, కదలకుండా.

చప్.

కప్ప అయ్యుంటుంది, అనుకున్నాడు భీమశంకరం.

చప్... చప్ చప్...

కప్పలు అయ్యుంటాయి.

యాక్సిలరేటర్ పెంచాడు. నీళ్లలో చప్పుడూ పెరిగింది. తగ్గించాడు. అదీ తగ్గింది. గట్టు పక్కనే, బండితో సమానంగా... వస్తోంది.

దెయ్యాలకి హారన్ గిట్టదని ఎక్కడో విన్నట్టు గుర్తు. కొట్టాడు – పీం! పీం! పీం!

అంతే. చెరువు చెరువంతా ఒక్కసారి లేచింది. వందలమంది తడిచేతులతో చప్పట్లు కొడుతున్నట్టు – చప్చప్చప్చప్! నీళ్లు ఎగిరొచ్చి మోకాళ్ల మీద పడ్డాయి.

"రమణగారూ..." అన్నాడు భీమశంకరం, పెదాలు మాత్రం కదిలించి. "ఇది నాదండి. కాగితాలింకా మారలేదు గానీ... నాదేనండి."

ఎదురుగా దారి మధ్యలో తెల్లచీర లేచి నిలబడింది.

బ్రేకు మీద నిలబడిపోయాడు. క్లచ్ సంగతి మరిచాడు. ట్రాక్టరు ఒక్క కుదుపు కుదిపి, దగ్గి... ఆగిపోయింది.

నిశ్శబ్దం.

"మేత... ఇప్పుడా తెచ్చేది?" అంది తెల్లచీర.

భీమశంకరం కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మొహాన టార్చి పడింది.

"అయ్యబాబోయ్, మీరెవరండి? మా బండి మీదున్నారేంటి?"

దెయ్యం కాదు. ఆ చెరువుకి మొగుడితో పాటు కాపలా ఉండే సువార్తమ్మ.

"మీ బండా?"

"మాదేగా అండి. రంగు మారింది గానీ గొంతు మారలేదు. రోజూ దీనిమీదే మేతొచ్చేది. హారన్ కొడితే చాలు, చేపలన్నీ గట్టుకొచ్చి పడేవి." టార్చి నీళ్ల మీదికి తిప్పింది. రూప్‌చంద్ చేపలు – గుండ్రటి నోళ్లు తెరుచుకుని, తోకలు కొట్టుకుంటూ, ఒకదానిమీదొకటి ఎక్కి భీమశంకరం వైపే ఆశగా చూస్తున్నాయి.

పడీపడీ నవ్వాడు. చేపలు! చేపలకా తను రమణగారూ అని దండాలు పెట్టింది! నవ్వుతూ నవ్వుతూ... ఆగాడు.

"మరి కొబ్బరితోట?"

"కొబ్బరా? ఇది చెరువులో రెండుసార్లు మునిగిందండి. మా ఆయనే తాళ్లేసి లాగాడు. అందుకే మా ఓనరుగారు అమ్మేస్తానని గూడెం పంపించారు. అమ్మేశారన్నమాట."

గబగబా తాళం తిప్పాడు. టక్. మళ్లీ తిప్పాడు. టక్.

"ఆపేశారా!" సువార్తమ్మ గొంతు మొదటిసారి వణికింది. "వేడిమీద ఆపితే తెల్లారేదాకా తాళానికి పలకదండి. మేం మధ్యలో ఎప్పుడూ ఆపేవాళ్లం కాదు."

*ఇంటికెళ్లేదాకా ఆపకపోతే మరీ మంచిదండి.*

అప్పుడు వేసింది భీమశంకరానికి అసలు చలి. నారుమడి కళ్లముందు కదిలింది. రేపు పొద్దున ఊరంతా గట్టెక్కి చూస్తుంది. ఏడుపొచ్చేసింది.

"ఊరుకోండి బాబూ. గేరులో పెట్టి క్లచ్ నొక్కండి. రోడ్డు మీదికి వాలుంది, నేను తోస్తాను," అంటూ సువార్తమ్మ కొంగు దోపింది.

బండి దొర్లింది. దొర్లి దొర్లి, క్లచ్ వదలగానే ఉలిక్కిపడి, గుర్రుమంది. వెనక చెరువులో మళ్లీ చప్పట్లు.

ఇంటి ముందు లక్ష్మీప్రసన్న పళ్లెంతో నిలబడి ఉంది.

"ఏవండీ, ఇంజను ఆపండి. హారతిస్తాను."

"ఆపను."

"అదేంటండీ! దార్లో దెయ్యంగానీ పట్టిందా?"

"పట్టింది. దార్లో కాదే, గూడెంలోనే. నిమ్మకాయలు కూడా అదే తెచ్చింది," అన్నాడు. బండి దిగకుండానే హారతి కళ్లకద్దుకుని, నేరుగా చేలోకి తోలేశాడు. గట్టు దిగుతుంటే ఆ మిగిలిన ఒక్క లైటూ ఆరిపోయింది. అయినా ఆపలేదు.

ఇప్పుడా ఊళ్లో చీకటితో పొలం వెళ్లేవాళ్లు భీమశంకరం చేను పక్కనుంచి నడవరు. అక్కడ లైట్లు లేని ట్రాక్టరొకటి తిరుగుతుందట... దానిమీద ఎవడో ఫణికిరణ్‌ని, వాడి నిమ్మకాయల్ని తిడుతూ ఉంటాడట.

నాట్లు మాత్రం ఆ ఏడు ఊరందరికంటే ముందు ఆ చేలోనే పడ్డాయి.