కొల్లేటికోట లైవ్ డెమో

ఏలూరు బస్టాండు క్యాంటీన్‌లో చీఫ్ పద్మనాభం గొంతు తగ్గించాడు.

“మన ఏజెంట్ గీతాంజలి శత్రువులకు అమ్ముడుపోయింది. తాడేపల్లిగూడెం ఇంజనీరింగ్ కాలేజీలో కంపెనీ ప్రతినిధి వేషంలో ఉంది. కొల్లేటి చేపల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు నడిపే స్టూడెంట్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్ దాచింది. ఇవాళ డెమోలో బటన్ నొక్కితే అన్నీ ఆగిపోతాయి. మబ్బు రోజు, నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ. గాలాడక చేపలు చస్తాయి. ఇది రిహార్సల్. తర్వాత మన కరెంటు గ్రిడ్.”

“అరెస్ట్ చేద్దామా?” అడిగాడు ఏజెంట్ నరేంద్ర.

“సాక్ష్యం లేదు. కోడ్‌ను ఆపు, ఆమెను పట్టుకో.”

నరేంద్ర ఇండస్ట్రీ మెంటర్ వేషంలో ఆడిటోరియంలో అడుగుపెట్టాడు. జేబులో నెట్‌వర్క్‌ను చంపే పెన్ను. గుమ్మంలోనే కొల్లేటికోట రైతు వీర్రాజు చేతులు పట్టుకున్నాడు.

“మా చెరువూ దీంట్లో కలిపారండీ. ఈసారి చేప పోతే నేనూ పోయినట్టేనండీ.”



ఇంతలో ప్రిన్సిపాల్ నరేంద్రను లాక్కెళ్లి వేదికెక్కించాడు. మెడలో మోకాళ్ల దాకా దండ. నెమలికంఠం రంగు పట్టుచీరలో గీతాంజలి వచ్చి శాలువా బిగించి కప్పింది.

“కదలకండి నరేంద్ర గారూ. దండతో పరిగెడితే ఏం బాగుంటుందండీ?” అంది చెవిలో.

శాలువా కింద అతను పెన్ను నొక్కాడు. హాల్లో ఫోన్లన్నీ మూగబోయాయి. తెరమీద చెరువుల లైవ్ వీడియో మాత్రం ఆగలేదు! చెరువులది వేరే లైనేమో అనుకున్నాడు. లేవబోతే ముఖ్య అతిథి ఆప్యాయంగా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. ఇంత చేతకానితనం నరేంద్ర ఏ మిషన్‌లోనూ ఎరగడు.

ముఖ్య అతిథి బటన్ నొక్కాడు.

తెరమీద ఏరేటర్లు హాయిగా తిరుగుతూనే ఉన్నాయి.

“ఆగాలి కదా! నా కోడ్ ఏమైంది?” గీతాంజలి కేక ముందున్న మైకులో మార్మోగింది. హాల్లోని మఫ్టీ పోలీసులకు అంతే చాలింది, ఆమెను పట్టుకున్నారు.

నరేంద్ర ఆ ప్రాజెక్టు చేసిన స్టూడెంట్ మనోజ్ఞను పక్కకు పిలిచాడు. కోడ్ ఏమైందని అడిగాడు.

“కంపెనీ కోడ్ ఎర్రర్లిచ్చిందండీ. తీసేశాం. చెరువులకి కనెక్షనే ఇవ్వలేదండీ. తెరమీదది పోయిన నెల వీడియో. మా సీనియర్లూ ఇలాగే చేశారండీ. మార్కులు తగ్గించకండి సార్.”

నరేంద్రకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ప్రిన్సిపాల్ అప్పుడే ఆ ప్రాజెక్టుకు మొదటి బహుమతి ప్రకటించాడు. వీర్రాజు వెలిగిపోతూ వచ్చాడు.

“అంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుందిగా! రేపట్నుంచి కాపలా మనిషిని మానిపించేస్తానండీ.”

“వద్దండీ! అస్సలు మానిపించొద్దు!”

“ఎందుకండీ?”

నరేంద్ర దండ సర్దుకున్నాడు.

“అది దేశ రహస్యమండీ.”