నీళ్ళు చూడని తలుపు

"మళ్ళీ ఇంటూ మార్కా? ఏటమ్మా, నా రివెట్ల మీద అంత పగేటి నీకు?"

జెరోమ్ అరిచాడు. సుద్దముక్క పట్టుకున్న పిల్ల తల తిప్పలేదు. చిన్న సుత్తితో పక్క రివెట్‌ని కొట్టి, చెవి పెట్టి విన్నది. దాని మీదా ఇంటూ గీసింది.

"లూజ్ హై. తీసి మళ్ళీ కొట్టు."

ఆ పిల్ల ప్రిస్సీ. కొత్త క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. బారిడీహ్ నుంచి స్కూటీ మీద తడుస్తూ వస్తుంది. జెరోమ్‌ది బిర్సానగర్. టెన్త్ తప్పిన ఏడు సుత్తి పట్టాడు, అదింకా వాణ్ణి వదల్లేదు.

సముద్రం మొహం ఎరగని జంషెడ్‌పూర్‌లో, ఆ షెడ్డులో చేస్తున్నది ఓడల రేవుకి తలుపు. నేవీ వాళ్ళ పాత డ్రైడాక్‌ది. ఒకప్పుడు ఓడని లోపలికి తెచ్చి, తలుపు మూసి, నీళ్ళు తోడేసి, దాని అడుగు బాగుచేసేవారట. ఇప్పుడక్కడికి ఓడలు రావు. గొప్ప కట్టడమని బోర్డు పెట్టి కాపాడుకుంటున్నారు. తలుపు తుప్పుపట్టింది కాబట్టి అచ్చం అలాంటిదే కావాలన్నారు. వెల్డింగ్ కూడదు, ఎర్రగా కాల్చిన రివెట్లే కొట్టాలి.

"నీళ్ళే రావంట కదా. జనం ఫోటోలు దిగుతారు, అంతే. లీకయితే ఎవడికి నష్టం?" అన్నాడు జెరోమ్.

"ఒకవేళ వస్తే? నీ మొహం అడ్డం పెట్టి ఆపుతావా?"

షెడ్డంతా నవ్వింది. జెరోమ్‌కి మాత్రం రెండ్రోజుల తర్వాత నవ్వొచ్చింది, ఒక్కడూ ఉన్నప్పుడు.

తర్వాత టీలు మొదలయ్యాయి. బిష్టుపూర్‌లో ఒకే గొడుగు కింద నడకలూ మొదలయ్యాయి. గొడుగు ఆమెది, తడిసే భుజం వాడిది.

"ఇటు కుడిపక్కకి రా," అనేవాడు ప్రతిసారీ.

"క్యూఁ? ఎడమపక్క ఎవరికైనా రిజర్వేషనా?"

వాడు మాట మార్చేవాడు.

వాళ్ళ పనిలో మాటలు చెల్లవు. ప్లేటుకి ఇటు జెరోమ్ రివెట్ గన్‌తో కొడతాడు, అటు వాడి జోడీ అప్పన్న ఇనపదిమ్మ ఆనించి ఓర్చుకుంటాడు. ఆ మోతలో అరిచినా దండగే. అందుకని ప్లేటు మీద సుత్తి దెబ్బే మాట. ఒకటంటే రెడీ. రెండంటే ఆగు.

ఒకరోజు అప్పన్న ఖైనీ కోసం పోయాడు. గన్ ఆగి ఉంది. ప్రిస్సీ జెరోమ్‌కి కనబడకుండా తలుపు వెనక నిలబడింది. ఎదురుగా అనలేని మాట ఇనప్పలకతో అనేసింది.

"జెరోమ్, రాంచీ వాళ్ళు ఆదివారం నన్ను చూసుకోడానికి వత్తన్నారు. ఈలోగా నువ్వొచ్చి మా డాడీతో మాట్లాడతావా?"

ప్లేటుకి చెవి ఆనించి, అప్పన్న వచ్చేదాకా నిలబడింది.

అప్పన్న తిరిగొచ్చి ప్లేటు మీద ఒక్క దెబ్బ వేశాడు. వెంటనే అవతల గన్ మోగింది.

మర్నాటి నుంచి ఆమె వాణ్ణి "జెరోమ్ గారూ" అంది. వానలో టీకి పిలిస్తే "పని ఉందండీ" అంది. వాడికేమీ అర్థం కాలేదు.

శనివారం ఆఖరి వరస. సంతకం పెట్టమని ప్రిస్సీ వెనకనుంచి పిలిచింది. వాడు తిరగలేదు. గట్టిగా పిలిచింది. తిరగలేదు. రివెట్ తల మీద వేలు ఆనించి, రెండో చేత్తో సుత్తి కొట్టి చూసుకుంటున్నాడు. చెవితో కాదు, వేలితో.

ఆమెకి ఆ కుడిపక్క గుర్తొచ్చింది. సుద్దముక్క పిడికిట్లో నలిగింది.

ఎదురుగా వచ్చి నిలబడింది. "కబ్ సే? ఎప్పట్నుంచి?"

వాడు ఆమె పెదాల వైపు చూశాడు. "ఎడం చెవి ఎప్పుడో పోయింది. కుడిది పోతంది. కంట్రాక్టర్‌కి తెలిస్తే గేటవతలే నేను. చెప్పుకో, పో."

"మొన్న ప్లేటు వెనకనుంచి నేనడిగింది..."

"ఏటడిగావ్?"

నెమ్మదిగా, వాడికి కనబడేట్టు, అంతా మళ్ళీ చెప్పింది. వాడు దిమ్మ మీద కూలబడ్డాడు.

"రాంచీవాడికి చెవులు బాగున్నాయా?"

"బాగానే ఉంటాయి."

"అయితే ఆణ్ణే చేసుకో. పిలిస్తే పలకని మొగుడు నీకెందుకు? కొన్నాళ్ళకి నీ గొంతెలా ఉంటాదో కూడా నాకు గుర్తుండదు."

ప్రిస్సీ చేతిలో నలిగిన సుద్ద దులిపేసుకుంది. సుత్తి తీసుకుని నడిచిపోయింది. ఎటు పోయిందో వాడు తలెత్తి చూడలేదు.

వాన పడుతోంది. పైన రేకులు మోగుతున్నాయో లేదో వాడికి తెలీదు. లేచి తలుపుకి అరచెయ్యి ఆనించాడు. రేపు లారీ ఎక్కిపోతుంది. ఏ నీళ్ళనీ ఆపే పని లేని తలుపు. చల్లగా ఉంది.

అరచెయ్యి జివ్వుమంది. అవతలనుంచి సుత్తి దెబ్బ.

ఒకటంటే రెడీ. రెండోది పడుతుందేమోనని చెయ్యి కదపకుండా నిలబడ్డాడు.

పడలేదు.